గొలుసు కట్టిన చెయ్యి

ట్రాక్టరు తోలడం నేర్చుకోక ముందు బసప్ప ఎద్దులు తోలేవాడు. బెళుగుప్పకు పడమరగా ఉన్న బూదిగుట్టపల్లెలో శ్రీరంగప్ప గారి సేద్యగాడంటే బసప్పే. వంకలో ఇసుకకు బండి దిగబడినా, బావిలోంచి రాతి గుండు పైకి లాగాల్సి వచ్చినా, ఊళ్ళో ఎవరైనా ముందు బసప్పను పిలుచుకొచ్చేవారు. అతను ఎద్దుల్ని కొట్టి ఎరగడు. మూపురం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో అని, ఒక్కసారి "హెయ్" అన్నాడంటే అవి మోకాళ్ళు వంచి లాగేవి.

1957లో శ్రీరంగప్ప ట్రాక్టరు కొన్నాడు. అంతకు ముందు రెండేళ్ళు వరుసగా మేత దొరక్క ఎనిమిది ఎద్దుల్లో ఐదు పోయాయి. మిగిలిన మూడింటితో నూరెకరాలు దున్నే మాట కల్ల. ట్రాక్టరు తోలడం నేర్చుకొమ్మని బసప్పను బళ్ళారిలో ఒక ముసలి సాయిబు షెడ్డుకు పంపించాడు. నెలన్నర పాటు బసప్ప అక్కడే తిని అక్కడే పడుకున్నాడు. గేర్లూ బ్రేకులూ పదిరోజుల్లో పట్టుబడ్డాయి. బరువు లాగడం మాత్రం సాయిబు చివరిదాకా ఆపి, పక్కన కూచోబెట్టుకుని చెప్పాడు.

"చూడు బసప్పా. ఎద్దుకు కాడి మెడ మీద ఉంటాది. దీనికి కాడి ఈడ, కింద," అని వెనక చక్రాల మధ్య నేలకు జానెడు పైనున్న ఇనుప పట్టెను కాలితో తట్టి చూపించాడు. "ఏది లాగినా ఈ కొక్కెంకే కట్టల్ల. పైన నాగలి బిగించే కొక్కెం ఉండాదే, దానికి గొలుసు తగిలిస్తివా, వెనక చక్రాలు కదలవు, ముందరివి ఆకాశానికి లేస్తాయి. బండి ఎనక్కి తిరగబడి నీ మీదే కూచుంటాది. నువ్వు 'అల్లా' అనేంత లోపల అయిపోతాది. తెలిసిందా?"

"తెలిసింది," అన్నాడు బసప్ప.

"గొలుసు మెల్లగ బిగించు. ఒక్కసారిగా గుంజొద్దు. కాలు క్లచ్చి మీదనే ఉండల్ల. గొలుసు పొడుగెంతో అంత దూరంలో మనిషి నిలబడకూడదు. మళ్ళా చెప్పు."

బసప్ప మళ్ళీ చెప్పాడు. బూదిగుట్టపల్లెకు తిరిగొచ్చాక తన దగ్గర పనికి కుదిరిన గోవిందప్పకూ అవే మాటలు నేర్పాడు. గోవిందప్ప బసప్ప కంటే ఐదారేళ్ళు చిన్న. ఉన్న మూడెకరాలూ ఎండిపోతే ట్రాక్టరు వెనక నాగలి బిగించడానికీ, గొలుసులు తగిలించడానికీ వచ్చాడు. మాట మీద నిలబడే మనిషి. ఒకసారి చెబితే మరిచిపోడు. బసప్పను నోరారా "అన్నా" అని పిలిచేవాడు.

1961 వేసవిలో ఊరికి కరువు పని వచ్చింది. గుట్ట కింద కొత్త కుంట తవ్వి కట్ట పొయ్యాలి. మూడు ఊళ్ళ జనం గంపలూ పారలూ తీసుకుని వచ్చారు. కట్ట వేసే దారికి అడ్డంగా ఒక పెద్ద గుండు, సగం భూమిలోకి పాతుకుని ఉంది. పగలగొట్టాలంటే వారం పడుతుంది. పని చేయించే ఓవర్సీరుకు వారం ఓపిక లేదు. శ్రీరంగప్పను ట్రాక్టరు అడిగాడు. శ్రీరంగప్ప సరేనన్నాడు.

పొద్దు బాగా ఎక్కాక బసప్ప ట్రాక్టరు తీసుకొచ్చాడు. గోవిందప్ప గుండు చుట్టూ గొలుసు వేసి, కింది కొక్కేనికి తగిలించాడు. జనం పని ఆపి గట్టు మీద నిలబడ్డారు. చాలామంది ట్రాక్టరు దున్నడం చూశారు గాని, బండను లాగడం చూడలేదు.

బసప్ప మెల్లగా బిగించాడు. గొలుసు బిర్రుగా సాగింది. గుండు కదల్లేదు. వెనక చక్రాలు గిర్రున తిరిగి మట్టి లేపాయి. రెండోసారి అంతే. మూడోసారి చక్రాలు మూరెడు లోతు గుంట తవ్వుకున్నాయి.

గట్టు మీద నవ్వు పుట్టింది. "ఏమప్పా, బావి తవ్వుతాండావా?" అని ఎవరో అరిచారు. "ఎద్దులుంటే ఈ పాటికి లాగి పారేసుండు," అని ఇంకెవరో అన్నారు. ఓవర్సీరు గడియారం చూసుకుని, "మా రోడ్డు కూలోళ్ళని పెట్టుకున్నా అయిపోయుండు," అన్నాడు.

ఎద్దులతో ఏ బండా తనను ఓడించలేదు. నాలుగేళ్ళుగా ఊరంతా "ట్రాక్టరు బసప్ప" అంటూ ఉంటే అతని నడక కూడా మారింది. ఇప్పుడు ఇంతమందిలో గుంటలో కూచుని చక్రాలు తిప్పుకుంటున్నాడు. చెవులు వేడెక్కాయి. కిందికి దూకి వెనక్కి వచ్చాడు.

ఎద్దులతో గుండు లాగేటప్పుడు పగ్గం కింద ఒక మొద్దు పెట్టి ఎత్తేవాళ్ళు. లాగుడు పైకి పడితే గుండు నేలను వదిలేస్తుంది. ఆ లెక్క అతని బుర్రలో మెదిలింది. సాయిబు మాటా మెదిలింది. మెదల్లేదని అతను తర్వాత తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకోబోయాడు గాని, మెదిలింది. ఒక్కసారికి ఏమౌతుందిలే అనుకున్నాడు.

కింది కొక్కెం నుంచి గొలుసు ఊడదీసి పై కొక్కేనికి తగిలించాడు.

గోవిందప్ప పక్కనే వంగి ఉన్నాడు. "వొద్దన్నా. నువ్వే చెప్పినావు గదా, పైన కట్టకూడదని."

"నాకు తెలుసులే. నువ్వు గడ్డపార తీసుకుని గుండు తావ ఉండు. కదిలీ కదలంగానే ఎత్తల్ల."

"గొలుసు తావ మనిషి ఉండకూడదంటివే?"

"చెప్పింది చెయ్యప్పా!"

గోవిందప్ప గడ్డపార తీసుకుని పోయాడు. గట్టు మీదవాళ్ళకు ట్రాక్టరు వెనక వంగిన ఇద్దరు మనుషుల వీపులే కనిపించాయి. గొలుసు ఎవరి చేతిలో ఉందో కనిపించలేదు.

బసప్ప ఎక్కి కూచున్నాడు. ఈసారి మెల్లగా బిగించలేదు. క్లచ్చి మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు.

ముందు చక్రాలు లేచాయి. కళ్ళ ఎదుట గుట్ట పోయి ఆకాశం వచ్చింది. కాలు క్లచ్చి మీద పెడితే చాలు, బండి కిందికి దిగి ఉండేది. బసప్ప ఆ పని చెయ్యలేదు. స్టీరింగును రెండు చేతులా పగ్గాల్లా వెనక్కి గుంజుతూ "హో! హో!" అని అరిచాడు. ఎద్దుల్ని ఆపే అరుపు అది. బండి ఆగలేదు. సీటు పక్కకు ఒరిగి అతను మట్టి కుప్ప మీదికి విసిరేసినట్టు పడ్డాడు. ట్రాక్టరు వెనక్కి తిరగబడింది.

లేచి చూసేసరికి చక్రాలు పైకి ఉండి ఇంకా తిరుగుతున్నాయి. మడ్‌గార్డు కింద గోవిందప్ప కుడికాలు ఉంది. తల గుండుకు తగిలి నెత్తురు కారుతోంది. ఇరవైమంది గడ్డపారలు వేసి ఎత్తారు. మంచం మీద వేసి, కరువు పని లారీలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. మోకాలి పైదాకా కాలు తీసేశారు.

మరుసటి రోజు పొద్దున శ్రీరంగప్ప ఇంటి ముందు ఓవర్సీరు కాగితం పెట్టుకుని కూచున్నాడు. బసప్ప భుజానికి దెబ్బ తగిలి గుడ్డ కట్టుకుని నిలబడ్డాడు.

"గొలుసు పైన కట్టుండాది. అది ఎవరు కట్టినారు?" అని అడిగాడు ఓవర్సీరు.

బసప్ప నోరు తెరిచాడు. శ్రీరంగప్ప మొహం చూశాడు. వాకిట్లో నిలబడిన జనాన్ని చూశాడు. నిన్న నవ్విన వాళ్ళే.

"గొలుసు తగిలించేది గోవిందప్ప పని, సామీ," అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. అబద్ధం కూడా కాదు. గొలుసు తగిలించడం నిజంగా గోవిందప్ప పనే. ఓవర్సీరు తల ఊపి రాసుకున్నాడు. శ్రీరంగప్ప "ఎంత చెప్పినా వినరు," అని పెదవి విరిచాడు. అంతటితో మాట అయిపోయింది. బసప్ప ఇంటికొచ్చి, భార్య అక్కమ్మ పెట్టిన సంగటి ముద్ద ముందు చాలాసేపు కూచుని, చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

గోవిందప్పను చూడ్డానికి ఇరవై రోజులదాకా అతనికి కాళ్ళాడలేదు. నిజం బయటపడిపోయే ఉంటుందని, తనను చూడగానే ఉమ్మేస్తాడని అనుకుంటూ పోయాడు. గోవిందప్ప మంచం మీద కూచుని ఉన్నాడు. పక్కన భార్య హనుమంతమ్మ విసనకర్ర పట్టుకుని ఉంది. బసప్పను చూడగానే గోవిందప్ప కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నీకేమీ కాలేదు గదా అన్నా? భుజం బాగుండాదా?"

"బాగుండాది."

"నాకు ఆ పొద్దు సద్ది తిన్నింది దాకానే గుర్తుండాది. ఆ పక్క ఏమీ తెలీదు. తలకాయకు దెబ్బ తగిలె గదా. పైన కట్టినానంట. అందరూ చెప్తాండారు. నువ్వు అన్ని తూర్లు చెప్పినా నాకు ఆ బుద్ధి ఎట్ల పుట్టిందో! బండి పాడాయె. నీ పానం పోయుండు నా వల్ల. మన్నించన్నా."

చేతులు జోడించాడు. బసప్ప ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. గొంతులో మాట కూడా వచ్చింది. హనుమంతమ్మ "కూచో బావా" అని మజ్జిగ చెంబు అందించింది. ఆ మజ్జిగ తాగేశాడు. తాగాక చెప్పలేకపోయాడు.

ఆ రోజు చెప్పనిది మర్నాటికి ఇంకా కష్టమైంది. నెలకు మరీ కష్టమైంది.

గోవిందప్ప ఊరికొచ్చి చంకలో కర్రతో నడవడం నేర్చుకున్నాడు. ఒక సోమవారం బసప్ప గట్టిగా నిశ్చయించుకుని వాళ్ళింటికి పోయాడు. గోవిందప్ప వాకిట్లో కర్రతో అటూ ఇటూ తిరుగుతూ, పడి, మళ్ళీ లేస్తూ నవ్వుతున్నాడు. "చూడన్నా, ఎనిమిది అడుగులు!" అన్నాడు. బసప్ప ఎనిమిది అడుగులూ చూసి, బాగుందని చెప్పి తిరిగొచ్చేశాడు. అప్పటినుంచి జొన్నలు కొలిచి అక్కమ్మ చేత పంపించడం మొదలుపెట్టాడు. హనుమంతమ్మ తీసుకునేది. ఊళ్ళో అందరూ "బసప్ప మనసున్నోడు" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను పని ఉందని లేచిపోయేవాడు.

ఆ ఏడే శ్రీరంగప్ప బావి దగ్గర ఆయిలింజను పెట్టించాడు. దానికి కాపలా మనిషి కావాలి. కూచుని చేసే పని. ఆ పని గోవిందప్పకు ఇమ్మని హనుమంతమ్మ వచ్చి అడిగింది. బసప్ప అక్కడే, రెండు బారల దూరంలో, నూనె గుడ్డతో ట్రాక్టరు తుడుస్తున్నాడు.

"ఇంజను వానికి అప్పజెప్పేదా?" అన్నాడు శ్రీరంగప్ప. "చెప్పిన మాట వినకుండా గొలుసు పైన కట్టినోడు. ఇంజన్లో ఏం చేస్తాడో ఎవురికి తెలుసు? మతి ఉండల్ల గదమ్మా మనిషికి."

హనుమంతమ్మ తల వంచుకుని, "నిజమే సామీ," అంది. చెంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోతోందని బసప్పకు తెలుసు. అతను అప్పటికే శుభ్రంగా ఉన్న మడ్‌గార్డును తుడుస్తూనే ఉన్నాడు. ఆమె గేటు దాటిందాకా తల ఎత్తలేదు. ఎత్తి ఒక్క మాట అంటే అయిపోయేది. తన జీవితంలో తనను తాను అంత అసహ్యించుకున్న పూట ఇంకోటి లేదు. ఆ గుండు దగ్గర చేసింది తొందరపాటు. ఇది మాత్రం తెలిసి తెలిసి చేసిన పని.

ఆ ప్రమాదం తర్వాత బసప్ప చాలా జాగ్రత్త మనిషి అయ్యాడు. కొక్కెం చూసుకోకుండా సీటెక్కేవాడు కాదు. గొలుసు పరుచుకున్న చోట మనిషి ఉంటే ఇంజను ఆపేసి కూచునేవాడు. వేరుశనక్కాయ బస్తాలతో ట్రాలీ వంక దాటాల్సి వస్తే సగం దించి రెండుసార్లు తోలేవాడు. మెల్లమెల్లగా ఈ పేరు చుట్టుపక్కలకు పాకింది. ఇంకో నాలుగైదు ఊళ్ళలో ట్రాక్టర్లు వచ్చాయి. విడపనకల్లు వైపు నుంచి కూడా డ్రైవర్లు వచ్చి అతని దగ్గర నేర్చుకునేవాళ్ళు. వాళ్ళకు ఒకటికి పదిసార్లు చెప్పేవాడు. అట్లా చెప్పేటప్పుడు ఎవరో ఒకరు, "మీ ఊళ్ళో ఎవురో పైన కట్టి కాలు పోగొట్టుకున్న్యాడంట గదా?" అని అడిగేవాళ్ళు. బసప్ప అవుననేవాడు. ఎన్నిసార్లు అవునన్నాడో లెక్క లేదు.

1967లో పంచాయతీ సమితివాళ్ళు బెళుగుప్పలో డ్రైవర్లకు ఒక ప్రదర్శన పెట్టారు. ఐదు ట్రాక్టర్లు, నూటయాభై మంది జనం. బసప్ప ఒక చింతమొద్దును కింది కొక్కేనికి కట్టి, మెల్లగా బిగించి, మట్టి కూడా చిందకుండా లాగి చూపించాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత వ్యవసాయ ఆఫీసరు లేచి, "ఇప్పుడు తప్పుగా కడితే ఏమౌతుందో కూడా చూడండి," అన్నాడు.

శ్రీరంగప్ప బండిలోంచి గోవిందప్ప దిగాడు.

అతన్ని పిలిపించారని బసప్పకు తెలీదు. గోవిందప్ప కర్ర ఊతగా మధ్యకు వచ్చి, పంచె పైకి మడిచి, తెగిన కాలు అందరికీ కనిపించేట్టు నిలబడ్డాడు.

"నా పేరు గోవిందప్ప. బసప్పన్న నాకు పది తూర్లు చెప్పినాడు, కిందనే కట్టల్లని. నేను ఇనుకోకుండా పైన కట్టినా. ఇదిగో, ఇట్లాయె. తప్పంతా నాదే. ఆయప్పది ఇసుమంత గూడా ల్యా. మీరు నాలాగ చెయ్యాకండి."

వెనక వరసలో ఒకడు నాలుక చప్పరించి, "తెలివి లేనోడు," అన్నాడు. గోవిందప్ప విన్నాడు. విని, ఒప్పుకుంటున్నట్టు తల ఊపాడు.

బసప్ప అప్పటిదాకా ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ తల ఊపడం చూశాక అతనికి నిలబడడం చేతకాలేదు. ముందుకొచ్చాడు.

"పంచె దించప్పా గోవిందప్పా," అన్నాడు. "గొలుసు కట్టింది నువ్వు కాదు. నేను."

 జనంలో గుసగుస మొదలైంది. "చూసినారా, తప్పు తన మీద వేసుకుంటాండాడు," అన్నారెవరో. "దొడ్డ మనసు." శ్రీరంగప్ప దగ్గరికొచ్చి భుజం తట్టి, "ఊరుకో బసప్పా, వాని మీద నీకుండే అభిమానం మాకు తెలుసులే," అన్నాడు. ఆఫీసరు కూడా మెచ్చుకోలుగా నవ్వాడు.

ఇలా జరుగుతుందని బసప్ప ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పినా మెచ్చుకుంటున్నారు. అతను శ్రీరంగప్ప చేతిని భుజం మీంచి తీసేశాడు.

"అభిమానం కాదు సామీ. ఇనండి. మూడు తూర్లు లాగితే గుండు రాలేదు. గట్టు మీద జనమంతా నవ్విరి. నాకు రోషమొచ్చె. దిగి, నా చేత్తో కిందిది ఊడదీసి పైన తగిలిస్తిని. 'వొద్దన్నా, నువ్వే చెప్పినావు గదా' అన్న్యాడు ఈయప్ప. 'నాకు తెలుసులే' అంటిని. గడ్డపార ఇచ్చి గొలుసు పక్కన నిలబెట్టింది గూడా నేనే. క్లచ్చి తొక్కుంటే బండి దిగుండు. తొక్కల్యా. ఎద్దును పట్టినట్ల పట్టుకుని అరిస్తిని. మర్నాడు ఓవర్సీరు ఎవురు కట్టినారంటే, 'గొలుసు తగిలించేది గోవిందప్ప పని' అంటిని. ఆరేండ్లాయె."

 శ్రీరంగప్ప రెండడుగులు వెనక్కి జరిగాడు.

గోవిందప్ప పంచె దించుకున్నాడు. బసప్ప మొహంలోకి చూశాడు. ఆ మాటలు వింటే ఏదైనా గుర్తొస్తుందేమో అని వెతుక్కుంటున్నట్టు కళ్ళు చికిలించాడు. గుర్తొచ్చిందో లేదో తెలీదు. "'వొద్దన్నా' అంటినా నేను?" అని మాత్రం అడిగాడు.

"అంటివి."

గోవిందప్ప తిరిగి, కర్ర ఊనుకుంటూ బండి దగ్గరికి నడిచాడు. ఎక్కించబోయిన వాళ్ళ చేతుల్ని వద్దని, తనే ఎక్కి కూచున్నాడు.

మర్నాడు పొద్దున్నే బసప్ప వాళ్ళింటికి పోయాడు. హనుమంతమ్మ గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"కాలు పోయిందానికి నేను ఏడవల్యా బావా," అంది. "పనిలో పోతాండాయి కాళ్ళూ చేతులూ. కానీ ఆరేండ్లు ఆయప్ప తనని తానే తిట్టుకున్న్యాడు. అన్నం తింటా తిట్టుకుండె. 'నాకు మతి లేదు, నేను ఎందుకూ పనికిరాను' అంటా. నేనూ అంటి. పస్తులున్న పూట నేనూ అంటి, 'నీ తెలివికి ఇదే' అని. ఆ మాట నా చేత అనిపిస్తివే!"

 లోపల్నుంచి గోవిందప్ప గొంతు వినిపించింది.

"మాట్లాడేది ఉంటే దోవలో కనపడినప్పుడు మాట్లాడుదాం. ఈ ఇంటికి మాత్రం రావాకు. జొన్నలు గూడా పంపించాకు."

బసప్ప వచ్చేశాడు. అక్కణ్ణుంచి నేరుగా శ్రీరంగప్ప దగ్గరికి పోయి తాళంచెవి ముందు పెట్టాడు. శ్రీరంగప్ప దాన్ని ముట్టుకోలేదు. విత్తనాల ముందు ఇంకో డ్రైవరు యాడ దొరుకుతాడు, పో, పని చూసుకో అన్నాడు. తిట్టి వెళ్ళగొడతాడనుకుని పోయిన బసప్పకు, ఏ శిక్షా లేకుండా తిరిగి రావడం ఇంకా నామోషీగా ఉంది. గుమ్మం దగ్గర ఆగి, "ఇంజను కాపలా గోవిందప్పకు ఇయ్యండి సామీ," అన్నాడు. "చెప్పిన మాట ఇనేటోడు ఈ ఊర్లో వాడొక్కడే." శ్రీరంగప్ప వారం తిరక్కుండా గోవిందప్పకు కబురు పంపించాడు. గోవిందప్ప వచ్చి పనిలో చేరాడు. హనుమంతమ్మ కంకర కొట్టడం మానేసింది.

బసప్ప ఆ తర్వాత కూడా డ్రైవర్లకు నేర్పుతూనే ఉన్నాడు. ఎవరైనా కాలు పోయిన మనిషి సంగతి అడిగితే, "నా వల్ల పోయింది," అని చెప్పి, ఎలాగో మొత్తం చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ మెడ వంగిపోయేది. కొందరు అతని దగ్గర నేర్చుకోవడం మానేశారు. ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో పలకరింపు తగ్గింది. అక్కమ్మ మాత్రం, "ముందే నాకన్నా చెప్పకపోతివే," అని ఒక్కసారి అని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇద్దరూ ఒకే పొలంలో పనిచేస్తూ దాదాపు రెండేళ్ళ పాటు మాట్లాడుకోలేదు. బసప్ప ఇంజను షెడ్డు పక్కగా ట్రాక్టరు తోలుకుపోయేటప్పుడు కళ్ళు దోవ మీదే పెట్టుకునేవాడు.

1969 ఆషాఢంలో ఒక సాయంత్రం, గుట్ట వైపు మబ్బు పట్టి వాన పడింది. ఊరి దాకా రాలేదు. బసప్ప తడిసి అటునుంచి ట్రాక్టరు మీద వస్తున్నాడు. గోవిందప్ప షెడ్డు ముందుకొచ్చి కర్ర మీద ఆనుకుని చెయ్యెత్తాడు. బసప్ప ఇంజను ఆపాడు.

"ఏమప్పా, వాన యాడిదాకా పడె?"

"అన్నా" అని పిలవలేదు.

"వంక దాకా."

"మా చేన్లో?"

"పడింది. పదును బాగుండాది. రేపు ఇత్తనమేయొచ్చు."

గోవిందప్ప గుట్ట వైపు చూసి, "సరే పో, తడిసినావు," అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.